ఊపిరిగుండీ

ఎండాకాలం వచ్చిందంటే కోస్తాలో ఇళ్ళు చక్రాలెక్కేవి. ఎక్కక ఏం చేస్తాయి! సముద్రం ఊళ్ళలోకి వచ్చి తిరిగి వెళ్ళడం మానేశాక, పునాది ఉన్న ఇంటిని నమ్ముకునే పిచ్చివాడు ఆ తీరంలో మిగల్లేదు. కలిగినవాడికైనా లేనివాడికైనా తోకబండే ఇల్లు. ఒక వంటగట్టు, రెండు పడకలు, అడుగున నీళ్ళ ట్యాంకు, దాని కింద నాలుగు చక్రాలు. ముందు కొక్కెం తగిలించి లాగడానికి ఒక లాగుడుబండి. ఎండలు ముదిరే వేళకి ఇళ్ళన్నీ ఒకదాని వెనకొకటి బిడారు కట్టి, ఘాటు రోడ్డెక్కి కొండమీది చలిగొండ ఊరు చేరేవి. వానలు పడ్డాక మళ్ళీ దిగొచ్చేవి.

తోకబండికి ఒక దొంగబుద్ధి ఉంది. లాగుడుబండి టైరులో గాలి తగ్గితే స్టీరింగు పట్టుకున్న చేతికి తెలిసిపోతుంది. తోకబండి టైరులో తగ్గితే ముందు కూర్చున్నవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. గాలి చాలని టైరు తిరిగిన ప్రతి చుట్టుకీ నలుగుతుంది, నలిగి వేడెక్కుతుంది, వేడెక్కి లోపలి పొరలు ఊడదీసుకుంటుంది. అది పేలాకే మనకి కబురు అందుతుంది. అప్పటికి ఇల్లు రోడ్డుకి అడ్డం తిరిగి ఉంటుంది.

ఈ దొంగబుద్ధికి మందు కనిపెట్టిన మనిషి చారుమతి. అది టైరు వాల్వుకి మూతలా బిగించే చిన్న గుండీ. అందులో పీడనం కొలిచే సెన్సర్ ఒకటి, వేడి కొలిచే సెన్సర్ ఒకటి. టైరు కాగినప్పుడు లోపలి గాలి ఉబ్బి, లేని బలం ఉన్నట్టు చూపిస్తుంది. గుండీ ఆ ఉబ్బునంతా తీసేసి అసలు గాలి ఎంతో లెక్కగట్టేది. బండి కదిలాక మోస్తున్న బరువు, రోడ్డు వేడి, ఘాటు వాలు కూడా కలుపుకుని, టైరు ఇంకెంత దూరం బతుకుతుందో చెప్పేది. కాగితాల మీద దాని పేరు తోకబండి పీడన పర్యవేక్షక వ్యవస్థ. అంత పేరు పలికే ఓపిక ఎవరికుంది? జనం నోట్లో అది ఊపిరిగుండీ అయింది.

మొదట చేసిన గుండీ నలుగురికీ వినబడేలా అరిచేది. ఒకరి టైరు నీరసపడితే ఆ సంగతి బిడారులోని బళ్ళన్నిటికీ చెప్పేసేది. జనం దాన్ని పీకి మురుక్కాలవలో పారేశారు. అందుకు కారణం ఉంది. ఎండలో ఆగిపోయిన బిడారంటే పెనమ్మీద అట్టే, అందుకని బిడారులో ఒక కట్టుబాటు పుట్టింది. ఆపినవాడు తోకకి. ఎవరి బండి వల్ల ఆగిందో వాళ్ళు అందరికన్నా వెనక్కి పోవాలి. చలిగొండ గేటు దగ్గరేమో ఆ రోజుకి చోటున్నంత మందినే వదిలి మూసేస్తారు. మిగిలినవాళ్ళు మర్నాడు గేటు తెరిచేదాకా బయట బండరాళ్ళ మీద పడుండాలి. కొందరు మర్నాటిదాకా ఉండేవారు కాదు.

పదిమందిలో సిగ్గుపడి దాస్తున్నారు, చెవిలో చెబితే సిగ్గుండదు, సిగ్గు లేకపోతే దాచనూ దాచరు అని చారుమతి తర్కించింది. కొత్త గుండీ, చెవికి పెట్టుకునే చిన్న యంత్రంలోంచి, బండి నడిపే మనిషి చెవిలో మాత్రమే మాట్లాడేది. సంగతి చెప్పి, "బిడారుకి చెప్పమంటారా?" అని మర్యాదగా అడిగేది. వద్దంటే నోరు మూసుకునేది. గుండీలన్నిటిలోనూ మాట్లాడేది ఒకే బుర్రయినా, ఒకరి గుట్టు ఇంకొకరికి పొక్కనిచ్చేది కాదు. ఇంకేం, రెండేళ్ళు తిరిగేసరికి గుండీ లేని తోకబండి లేదు. సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఆమె మొగుడు విఠల్ మాత్రం నవ్వాడు.

"చెవిలో చెబితే ఎవరు వింటారే? పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ మాటలన్నీ నా చెవిలోనేగా పడుతున్నాయి, ఒక్కటన్నా విన్నానా?"

ఆ ఏడు బిడారు ఘాటు కిందికి చేరేసరికి విఠల్‌కి వడదెబ్బ తగిలింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, మాట ముద్దముద్దగా వస్తోంది. బిడారుతో వచ్చే డాక్టరు మందేదో ఇచ్చి, అసలు మందు చలిగొండ చల్లదనమేనన్నాడు. రేపటి రోజు కూడా ఈ ఎండలోనే గడిస్తే ఆశ పెట్టుకోవద్దన్నాడు.

ఘాటు కింద మజిలీలో గాలిమిషను ఒకటుంది. అది సూర్యుడి మీద నడుస్తుంది గనక మిట్టమధ్యాహ్నమైతే గాని దానికి సత్తువ రాదు. కాబట్టి బిడారు బిడారంతా మధ్యాహ్నం వరసలో నిలబడి, సలసల కాగుతున్న టైర్లకే గాలి కొట్టించుకున్నారు. గేజీ నిండుగా చూపించింది. తెల్లారి టైర్లు చల్లారితే ఆ నిండులో ఎంత వెలితి బయటపడుతుందో లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి చారుమతి. ఆమే ఆ వరసలో నిలబడి కాగిన టైర్లకి కొట్టించుకుంది. కాలిపంపుతో సరిచేద్దామని అనుకుంటూనే రాత్రంతా మొగుడికి తడిగుడ్డలు మార్చుతూ గడిపేసింది. పైగా కొండమీద నీళ్ళు కొనుక్కోవాల్సి వస్తుందని అందరూ ట్యాంకులు పొంగేదాకా నింపుకున్నారు. బరువు రెట్టింపైంది.

లాగుడుబండిలో పడుకునే చోటు లేదు. విఠల్‌ని తోకబండిలోనే పడుకోబెట్టి, తడి దుప్పటి కప్పి, తలదగ్గర మైకు పెట్టి, తెల్లవారుతూనే బయల్దేరింది. బిడారు పెద్ద మస్తాన్ వలి బండి అన్నిటికన్నా ముందు. రెండోది తనది. వెనకాల సువార్త బండి. ఆ తర్వాత కనుచూపు మేర ఇళ్ళే. రెండో స్థానమంటే చలిగొండలో చోటు ఖాయమే. ఆ మాట తల్చుకుంటే చారుమతికి కాస్త ధైర్యం వచ్చింది.

ఘాటు మొదలైన కాసేపటికే గుండీ పలికింది.

"చారుమతి గారూ, తోకబండి ఎడమవైపు వెనక టైరులో గాలి చాలదు. ఈ బరువుతో కొండెక్కేదాకా రాదు. బిడారుకి చెప్పమంటారా?"

 ఆగితే తోకకి పోవాలి. తోకకి పోతే గేటు మూసేస్తారు. గేటు మూస్తే విఠల్ దక్కడు.

"నెమ్మదిగా పోతే వస్తుందా?" అని అడిగింది.

"మీరు నెమ్మదిస్తే వెనక బళ్ళన్నీ నెమ్మదించాలి. చెప్పకపోయినా చెప్పినట్టే అవుతుంది."

"అయితే తర్వాత చూద్దాం."

"సరేనండి" అంది గుండీ. దానికి ఆ మర్యాద నేర్పింది తనే.

లాగుడుబండి స్పీకరులోంచి విఠల్ గొంతు వచ్చింది. "చారూ, ఇల్లు ఎడం పక్కకి ఊగుతోందే."

"ఘాటు కదండీ, మలుపులు."

"మలుపు కాదే ఇది. నీ గుండీ ఏవంటోంది?"

"బానే ఉందంటోంది."

"అది అబద్ధం చెప్పదుగా" అన్నాడు విఠల్, నిశ్చింతగా.

"చెప్పదండీ. మీరు కళ్ళు మూసుకుని పడుకోండి."

పెళ్ళయ్యాక ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడిందో గాని, ఇలా అబద్ధమాడటం చారుమతికి గుర్తులేదు.  అద్దంలోంచి వెనక్కి చూసింది. సువార్త బండి దగ్గరగా వస్తోంది. దాని టైరు పోతే బాగుండునని అనిపించింది. వాళ్ళవల్ల బిడారు ఆగితే తనూ కాలిపంపు దించి గుట్టుగా గాలి కొట్టుకోవచ్చు, తోకకి పోయేది వాళ్ళు. సువార్త నిన్న సగ్గుబియ్యం జావ కాచి తెచ్చి విఠల్‌కి తాగించిన మనిషి. ఆ మనిషికి చెడు జరగాలని మొక్కుకుంటున్నందుకు సిగ్గేసింది. అయినా మొక్కు ఆపలేదు.

"టైరు వేడి బాగా పెరిగింది. బిడారుకి..."

"తర్వాతన్నానా!"

మరి రెండు మలుపులు గడిచాయి. మూడోదాన్లో టైరు పేలింది.

తోకబండి ఒక్కసారి కొండవైపు కొట్టుకుని, మళ్ళీ లోయవైపు విసురుగా తిరిగింది. కొక్కెం విరిగింది. లాగుడుబండి ఉన్నట్టుండి తేలికై ముందుకి దూకింది, ఆ తేలికలోనే చారుమతికి అంతా తెలిసిపోయింది. ఇల్లు పిట్టగోడ మీద బోర్లాపడి నలిగింది. ట్యాంకు పగిలి నీళ్ళు రోడ్డు మీద పల్లానికి పారుతుంటే, వెనక బళ్ళవాళ్ళు చేతికందిన గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కొందరు పలుగులతో తలుపు పెళ్ళగించారు. విఠల్‌ని బయటికి తీసి నీడలో పడుకోబెట్టారు. ఊపిరి లేదు.

చారుమతి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. అలా కూర్చుంటే వింతగా ఒక చప్పుడు వినిపించింది. తలెత్తి చూసింది. కింది మలుపుదాకా, ఆ కింది మలుపుదాకా, ఆగిన ప్రతి బండి పక్కనా ఎవరో ఒకరు వంగి కాలిపంపు తొక్కుతున్నారు. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు.

మస్తాన్ వలి వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. 

"వాళ్ళేం చేస్తున్నారు బాబాయ్?" అనడిగింది చారుమతి.

ఆయన చెవిలోని యంత్రం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. "నాకు ఘాటు కింద నుంచే చెబుతోందమ్మా. రెండు టైర్లు. బిడారు పెద్దనై ఉండి నేనే ఆపితే నా పరువేం కావాల? వెనకనుంచి ఎవురో ఒకరు ఆపమంటారులే అని చెవులు రిక్కించుకుని కూచున్నా. అల్లా సాక్షిగా, నువ్వు ఆపమని ఉంటే నీ కాళ్ళు కళ్ళకద్దుకునేవాణ్ణి."

"నేను తోకకి పోవాల్సొచ్చేదిగా బాబాయ్."

"అందరి టైర్లూ అంతేనని తేలేది కదమ్మా. అందరూ తోకకి పోతే ఇంక తోకేది?"

చారుమతి గుండీని అడిగింది, ఈ ఉదయం ఎందరికి చెప్పావని.

"పేర్లు చెప్పకూడదని మీ ఆదేశం" అంది గుండీ. "ఈ బిడారులో నేను హెచ్చరించని బండి లేదు. చెప్పమన్న బండి కూడా లేదు."

ఎవరో వెనకనుంచి హారన్ కొట్టారు, గేటు వేళ మించిపోతోందని. మస్తాన్ వలి లేచి నాలుగు బూతులు తిట్టాడు గాని, ఆయన కళ్ళూ ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాయి. విఠల్‌ని ఆయన బండిలోకి ఎక్కించారు. విరిగిన ఇంటిని పక్కకి నెట్టారు. ఆపిన బండి చారుమతిది గనక దాన్ని తోకకి పంపాలా అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. ఇక ఆమె ఎక్కడున్నా ఒకటేనని అందరికీ తెలుసు.

సువార్త పరుగున వచ్చి చారుమతిని కావలించుకుని భోరుమంది. అది నిజమైన ఏడుపే. "నాదీ చెప్పిందక్కా. నోరు రాలేదక్కా. పిల్లలున్నారు గదా అని..." అని వెక్కివెక్కి ఏడ్చింది. చారుమతి ఆమె వీపు నిమిరింది. కాసేపటికి సువార్త కొంగుతో మొహం తుడుచుకుని, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించింది.

"అక్కా, తప్పుగా అనుకోమాక. మళ్ళీ చేసే గుండీలో ఒక్కటి చూడక్కా. మా టైరు సంగతి ఎట్టాగూ చెబుతోంది. పక్కబండోళ్ళ టైరులో ఎంతుందో కూడా మాకు చెప్పేట్టు చెయ్యక్కా. మాకన్నా తక్కువున్నోళ్ళు ఎవురో తెలిస్తే, వాళ్ళు ఆపేదాకా మేం ధీమాగా ఉంటాం గదా."

 చారుమతి సువార్త మొహం చూసింది. అదేమంత కష్టం కాదు, గుండీ ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పేలా మారిస్తే చాలు, నెల పని. మొగుడి తల ఒళ్ళో పెట్టుకున్నప్పుడు తడిసిన చీర ఇంకా ఆరనైనా లేదు, ఆమె బుర్ర ఆ లెక్క అప్పుడే పూర్తిచేసేసింది. అప్పుడు చారుమతికి ఏడుపొచ్చింది.