ఆదివారం మర్నాడు

పొయ్యి వెలగలేదు.

వర్ధనమ్మ మళ్ళీ మీట తిప్పింది. పొయ్యిలోంచి మెత్తటి ఆడగొంతు, "క్షమించండి, సంరక్షకుల వేలిముద్ర కావాలి" అంది. ఎంత మర్యాదగా చెప్పినా ఆ మాట ఆవిడకి చెంపదెబ్బలాగే తగిలింది. కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ వంటింట్లో ఆవిడ మాటే చెల్లింది. ఇప్పుడు గ్లాసుడు కాఫీ కాచుకోవడానికి ఒకరి అనుమతి కావలసి వచ్చింది.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి" అని భర్తని పిలిచింది.

సోమశేఖరం గారు కుడిచేతి బొటనవేలు పంచెకి తుడుచుకుంటూ, ప్రారంభోత్సవానికి వచ్చిన మంత్రిగారిలా నింపాదిగా వచ్చారు. జన్మలో పాలు కాచి ఎరగని మనిషి. అయినా ఆ ఇంటి పొయ్యికి ఇప్పుడు ఆయనే సంరక్షకుడు.

"ఏం చేస్తున్నావివాళ?"

"వేలు పెట్టడానికి వంట వివరాలు కూడా కావాలా?"

"బాధ్యత ఉన్నవాణ్ణి కదా, అడగాలి."

"సంరక్షకులు గారూ, ముందు ఆ వేలేదో పెట్టండి. పాలు విరిగిపోతాయి."

ఆయన వేలు పెట్టగానే పొయ్యి భగ్గున వెలిగింది. వర్ధనమ్మ మాత్రం గోడకున్న చిన్న యంత్రం వైపు చూస్తూ ఉండిపోయింది. దాని మీద పసుపుపచ్చ దీపం వెలుగుతోంది.

సామర్లకోటలో కాలవగట్టు కాలనీకి ఆ ఏడే ఆ యంత్రాలు వచ్చాయి. డిజిటల్ టెక్నాలజీ మనుషుల బతుకుల్ని ఎలా మారుస్తోందో పరిశోధించే విభాగం ఒకటి విశ్వవిద్యాలయంలో ఉంది. ముసలివాళ్ళకి మతిమరపు రాబోతోందని ముందే కనిపెట్టగలమా, కనిపెడితే ఆ ఇళ్ళలో ఏం జరుగుతుంది అన్నది వాళ్ళు చేస్తున్న పరిశోధన. యంత్రం అసలు పేరు కాగ్నిటివ్ మానిటర్. కుంకుమభరిణె అంత ఉంటుంది. కాలనీవాళ్ళు దాన్ని మతిదీపం అంటారు.

అది పనిచేసే పద్ధతి కష్టమైనదేం కాదు. మరపు మొదలైన మనిషికి ముందుగా జారిపోయేవి మాటలు. తాళంచెవి అనే మాట అందక, "అదే, తలుపు తీసేది" అంటాడు. అంటే దారి మూసుకుపోయినప్పుడు పక్కసందులోంచి తిరిగి వచ్చినట్టు, మెదడు ఆ మాట చుట్టూ తిరిగి వస్తుందన్నమాట. మతిదీపంలోని మైక్రోఫోన్ ఇంట్లో మాటలు వింటుంది. దానిలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇలాంటి తిరుగుళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క కడుతుంది. అంతా బాగుంటే పచ్చదీపం. తిరుగుళ్ళు ఎక్కువైతే పసుపు, పొయ్యికి తాళం. ఎరుపు వెలిగిందంటే పొయ్యే తీసేసి, రెండు పూటలా క్యారేజీ పంపిస్తారు.

కాలనీలో అందరికంటే ముందు సంతకం పెట్టింది వర్ధనమ్మే. ఆవిడ భయం ఆవిడది. ఆవిడ అక్క కాంతమ్మ చివరి రోజుల్లో చెల్లెల్ని గుమ్మంలో చూసి, "ఎవరమ్మా మీరు? ఎవరికోసం వచ్చారు?" అని అడిగింది. ఆ రోజునుంచీ వర్ధనమ్మ పొద్దున్నే ముగ్గు వేస్తూ ప్రభవ, విభవ, శుక్ల అని సంవత్సరాల పేర్లన్నీ వల్లె వేసుకుంటుంది. మధ్యలో ఒకటి తట్టకపోతే ముగ్గుపిండి చేతిలోనే ఉండిపోతుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో గుర్తురాని రోజున అన్నం సయించదు. వచ్చే గండమేదో ముందే తెలిస్తే మంచిదనుకుంది. తీరా తెలిశాక, తెలియకపోయినా బాగుండేదనిపించింది.

కాఫీ తాగుతూ ఉండగానే డాక్టర్ హిమజ వచ్చింది. ఆ పరిశోధన నడుపుతున్నది ఆ అమ్మాయే. ముప్పై దాటి ఉండవు. హైదరాబాదులో పుట్టి పెరిగింది.

"పిన్నిగారూ, ఇవాళ పరీక్షతో తేలిపోవాలి" అంది టాబ్లెట్ తెరుస్తూ. "ఇది కూడా బాగా రాకపోతే యంత్రం దానంతటదే ఎరుపుకి మారిపోతుంది. ఆపడం నా చేతిలో లేదు."

"అడుగమ్మా."

"ఇవాళ ఏ వారం?"

"ఆదివారం మర్నాడు కదూ?"

హిమజ తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది. తెర మీద ఒక్కో బొమ్మే చూపించసాగింది.

"గొడుగు. రోలు. తాళంచెవి" అని వర్ధనమ్మ గబగబా చెప్పేసింది. తరవాతి బొమ్మకి కూడా ఆగలేదు. "పచ్చపిట్ట. జామకాయ తింటోంది."

"దాని పేరేమిటండీ?"

"అదేనమ్మా, పచ్చపిట్ట."

"ఇది?"

"తెల్లపూసల దండ. మంచి నాణెమైనవి."

"ఇది?"

"కోటలో మొక్క. మా పెరట్లోనూ ఉంది, చూశావుగా."

"మీ భర్తగారి పేరు చెప్పండి."

వర్ధనమ్మ తల వంచుకుని చిన్నగా నవ్వింది. "ఆయన హాల్లోనే ఉన్నారుగా, అడుగు."

హిమజ మొహం వాడిపోయింది. గోడ మీద దీపం రెండుసార్లు రెపరెపలాడింది. పసుపు చిక్కబడి నారింజరంగులోకి తిరిగింది. వర్ధనమ్మ చూసింది. గ్లాసు కింద పెట్టేసింది.

"నిజం చెప్పు డాక్టరమ్మా. నేనూ మా అక్కలా అయిపోతున్నానా?"

హిమజ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నాకొకటి అంతుపట్టడం లేదు పిన్నిగారూ. పక్కవాటాలో మీ తోడికోడలు నాగరత్నం గారికీ పసుపే వచ్చింది. మీకు ఏ మాటలు జారిపోయాయో ఆవిడకీ అవే జారిపోయాయి. ఒకటి ఎక్కువ కూడాను. మరపు మాటల్ని ఇలా ఏరుకుని పట్టుకుపోదండీ. ఇద్దరికీ ఒకే మాటలా?"

"నీళ్ళలో ఏమైనా ఉందంటావా?"

"నీళ్ళు పరీక్ష చేయించాను. గోడల రంగు కూడా. ఏమీ లేదు. ఆవిణ్ణి ఒకసారి పిలుస్తారా?"

పిలవాల్సిన పని లేకపోయింది. తన పేరు వినబడగానే నాగరత్నం గోడవతలినుంచి వచ్చేసింది. రైల్వేలో రిటైరైన చక్రపాణి భార్య ఆవిడ. చక్రపాణి సోమశేఖరానికి తమ్ముడు.

"నా దీపం నీదానికంటే ముదురు పసుపు, అక్కా."

"అందులోనూ నీదే పైచెయ్యి కావాలి."

"మా ఆయన పొయ్యి వెలిగించడానికి వేలు పెట్టి, ఒకటే సణుగుడు. ఉప్పు తగ్గించమంటాడు, నూనె తగ్గించమంటాడు."

"నాగరత్నం గారూ, ఇదేమిటి?" అని హిమజ బండిచక్రం బొమ్మ చూపించింది.

"బండి కింద గుండ్రంగా తిరిగేది."

హిమజ నుదురు పట్టుకుంది. అంతలో ఆ అమ్మాయి ఫోను మోగింది.

"చెప్పు చైతన్యా... ఫ్రిజ్‌లోనే ఉంది... పై అరలో. ఒరేయ్, కళ్ళు పెట్టి చూడు, కనబడుతుంది" అని పెట్టేసింది.

"తమ్ముడా అమ్మా?" అంది నాగరత్నం.

"కాదండీ, మా ఆయన."

నాగరత్నం తోడికోడలి మోచెయ్యి గిల్లింది. "విన్నావా అక్కా? పేరు పెట్టి పిలిచింది. ఒరేయ్ అని కూడానూ!"

"తప్పేముందండీ? మీరు పిలవరా?"

"రామ రామ! కళ్ళు పోవూ!" అంది వర్ధనమ్మ, తన కష్టం కూడా ఒక్క క్షణం మరిచిపోయి. "మేము గడపలో కాలుపెట్టిన రోజే మా అత్తగారు చెప్పేశారు. అత్తమామల పేర్లు, మొగుడి పేరు, బావగారి పేరు, పెద్దాడపడుచు పేరు నోటివెంట రాకూడదని. ఆ పేరు కలిసిన మాట కూడా రాకూడదు. ఒకసారి నోరు జారితే మూడురోజులు నాతో మాట్లాడలేదు."

హిమజ చేతిలో ఫోను చేతిలోనే ఉంది. మెల్లగా, ప్రతి మాటా విడదీసి అడిగింది. "ఆ పేరు కలిసిన మాట కూడానా? ఇంతకీ వాళ్ళ పేర్లేమిటండీ?"

తోడికోడళ్ళిద్దరూ నోళ్ళు బిగించేశారు.

హాల్లోంచి సోమశేఖరం గారి నవ్వు వినిపించింది. "వాళ్ళెందుకు చెబుతారమ్మా? నన్నడుగు. మా అమ్మ తులసమ్మ. మా నాన్న ముత్యాలయ్య. మా అక్క చిలకమ్మ. తమ్ముడు చక్రపాణి. నా పేరు నీ టాబ్లెట్‌లోనే ఉంది."

తులసి, ముత్యాలు, చిలక, చక్రం. హిమజ తెర మీద ఆయన పేరు చూసింది. ఆ తరవాత గోడమీద కేలెండరు చూసింది.

"ఆదివారం మర్నాడు!" అని ఒక్క కేక పెట్టి, అక్కడే నేలమీద కూలబడి, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

వర్ధనమ్మకి నవ్వు రాలేదు. కొత్తకోడలిగా నాలుక కొరుక్కుని నేర్చుకున్న మాటలవి. తరవాత తరవాత అవే అసలు మాటలైపోయాయి. తాను చుట్టుతిరిగి వస్తున్న సంగతి ఆవిడకే తెలియదు. "అయితే నేను మరిచిపోలేదా?" అంది.

"లేదు పిన్నిగారూ. కానీ పరిశోధన కదా, నా నమ్మకం ఒక్కటే చాలదు. ఆ మాటలు మీకు తెలుసని యంత్రానికి రుజువు కావాలి. ఒక్కసారి పైకి అంటారా?"

వర్ధనమ్మ నోరు తెరిచింది. ఎదురుగా నారింజరంగు దీపం. అటుపక్క పొయ్యి. అత్తగారు పోయి ఎన్నో ఏళ్ళయింది, అడిగేవాళ్ళు లేరు. అయినా నాలుక కదలలేదు. రెండోసారి ప్రయత్నించింది.

"పోనీ, రాస్తే చాలదా?" అంది చివరికి. "నోటితో అనొద్దన్నారు గానీ, రాయొద్దని ఎవరూ అనలేదు."

హిమజ కాగితం ఇచ్చింది. బడి ముఖం సరిగ్గా చూడకపోయినా, వారపత్రికలూ నవలలూ చదివి చదివి అక్షరాలు సొంతం చేసుకున్న మనిషి వర్ధనమ్మ. ముత్యాలు, తులసి, చిలక, సోమవారం అని గుండ్రంగా రాసింది. ఆపైన కొంగు తలమీదికి లాక్కుని, భర్త పేరు ఇంటిపేరుతో సహా రాసింది. నాగరత్నం తన చక్రం తాను రాసుకుంది. హిమజ కాగితాన్ని మతిదీపానికున్న చిన్న కెమేరాకి చూపించింది.

యంత్రం కాసేపు ఆలోచించింది. దీపం పసుపైంది. ఆరింది. పచ్చగా వెలిగింది.

వర్ధనమ్మ లేచి వెళ్ళి పొయ్యి మీట తిప్పింది. వెలిగింది. ఎవరి వేలూ అక్కర్లేకుండానే వెలిగింది. ఆర్పి, మళ్ళీ వెలిగించి చూసుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. గిన్నె పెట్టకుండా వట్టి మంట ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుండెల మీదనుంచి రోలు దించినట్టు హాయిగా ఏడ్చింది.

"గ్యాసు వృథా" అన్నారు సోమశేఖరం గారు గుమ్మంలోంచి.

"అవనివ్వండి. నా పొయ్యి, నా ఇష్టం."

హిమజ తిరిగి వెళ్ళి యంత్రానికి కొత్త సూత్రం ఒకటి నేర్పింది. ఎవరైనా ఒక మాట చెప్పకుండా, "అది మా పెద్దల పేరు, అనకూడదు" అంటే, దాన్ని మరపు కింద జమకట్టకూడదు. యంత్రాలకి మన ఆచారాలు తెలియకపోతే మనుషులకి ఎలాంటి అన్యాయం జరుగుతుందో వివరిస్తూ పరిశోధన పత్రం రాసింది. అందరూ మెచ్చుకున్నారు. కాలనీలో పసుపుదీపాలు ఒక్కొక్కటీ పచ్చబడుతూ వచ్చాయి.

వానాకాలం వెళ్ళాక హిమజ మళ్ళీ వచ్చింది. మొహంలో సంతోషం లేదు.

"ఏమైందమ్మా? అందరి దీపాలూ పచ్చగా ఉన్నాయటగా?"

"అదే బాధ పిన్నిగారూ. తొంభై ఏళ్ళ వాళ్ళవి కూడా పచ్చగానే ఉన్నాయి. అనుమానం వచ్చి రికార్డింగులు విన్నాను. ఒకాయన చెప్పు బొమ్మ చూసి, మా మామగారి పేరు అన్నాడు. ఇంకొకావిడ చీపురు మా ఆడపడుచు అంది. ఒక బ్రహ్మచారి బుధవారం తన అత్తగారి పేరన్నాడు. యంత్రం అన్నీ నమ్మేసింది." నిట్టూర్చింది. "సరే, బాబాయిగారూ, ఇవాళ మీకూ పరీక్ష. ఇదేమిటో చెప్పండి."

తెరమీద గరిట బొమ్మ. సోమశేఖరం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. రోజూ దానితో వడ్డించిన అన్నమే తింటున్నారు, పేరు మాత్రం ఎప్పుడూ అవసరం పడలేదు. భార్య వైపు చూశారు. వర్ధనమ్మ పైకప్పు చూస్తోంది.

"మా అత్తగారి పేరమ్మా అది. అనకూడదు" అన్నారు గంభీరంగా.

టక్కున పచ్చదీపం.

"మా అమ్మ పేరు గరిటా?" అంది వర్ధనమ్మ.

"గౌరవం కొద్దీ ఇన్నాళ్ళూ నీ దగ్గర కూడా అనలేదు."

హిమజ నవ్వలేక, ఆపుకోలేక, "పిన్నిగారూ, మీరు" అని తెర తిప్పింది.

గుండ్రటి చట్రం, అడుగున సన్నటి వల. వర్ధనమ్మ పొద్దున్నే దానితో పిండి పట్టింది. మాట నాలుక చివరే ఉంది. అందడం లేదు. ఇది అత్తగారి పేరూ కాదు, ఆడపడుచు పేరూ కాదు. నిజంగానే పోయింది. అక్క మొహం కళ్ళముందు కదిలింది.

"పెద్దత్తగారి పేరను" అని భర్త గుసగుసలాడారు. "పెద్దత్తగారు, పెద్దత్తగారు."

వర్ధనమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"మరిచిపోయాను డాక్టరమ్మా" అంది.

ముగ్గురూ గోడవైపు చూశారు. దీపం కొంచెం రెపరెపలాడింది. పచ్చగానే నిలిచింది.

"అంతేనా?" అంది వర్ధనమ్మ.

"అంతే. ఒక మాట జారడం జబ్బు కాదండీ. నాకూ జారతాయి." హిమజ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఈ కాలనీ మొత్తం మీద మరిచిపోయానని చెప్పింది మీరొక్కరే తెలుసా? ఇక నా రిపోర్టులో కాలవగట్టు కాలనీకంతటికీ మరపున్న మనిషి ఒక్కరే ఉంటారు."

"నేనా?"

"మీరే."

వర్ధనమ్మ ముందు తెల్లబోయింది. ఆ తరవాత పకపకా నవ్వింది. అక్క పోయాక అంత తేలిగ్గా ఆవిడ ఎప్పుడూ నవ్వలేదు.

హిమజ చెప్పులు వేసుకుని గేటు దాటుతోంది. వెనకనుంచి వర్ధనమ్మ కాలనీ అంతా వినబడేలా కేక పెట్టింది.

"జల్లెడ!"

సోమశేఖరం గారు ఉలిక్కిపడ్డారు. "ఎవరే ఆవిడ?"

"గరిటమ్మ గారి చెల్లెలు లెండి" అంటూ వర్ధనమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.