కర్సర్ కదులుతున్న ఇల్లు

"చచ్చిపోయినవాడు ఇంకా డ్యూటీ చేస్తున్నాడు, జైసింగ్."

చీఫ్ నవ్వలేదు. హైదరాబాద్ ఆఫీసు కిటికీలకు తెరలు దించి, గోడమీద ఒక ఫోటో వేశాడు. పల్చటి ముఖం, మందపాటి కళ్లద్దాలు.

"అభిలాష్. ఎల్లారెడ్డి కుర్రాడు. లాంటర్న్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామింగ్ ఎన్విరాన్‌మెంట్‌కి గ్రాఫిక్స్ మొత్తం తిరగరాశాడు. విండోలు, బటన్లు, అక్షరాలు, అన్నీ. అది ఎవరి సొత్తూ కాదు, ప్రపంచమంతా వాడుకుంటుంది. మన కరెంటు కంట్రోల్ రూమ్ తెరలు కూడా దాంతోనే గీశారు. ఈ 2013 హోలీకి ముందు కామారెడ్డి రోడ్డుమీద లారీ గుద్ది చనిపోయాడు."

"యాక్సిడెంటా?"

"అలాగే రాసుకున్నారు. ఇప్పుడు శ్రావణం. అతని డిజిటల్ సంతకంతో ప్యాచ్‌లు, అంటే ప్రోగ్రామ్‌కి సవరణలు, మాత్రం వస్తూనే ఉన్నాయి."

జైసింగ్ మళ్లీ ఆ ఫోటో వైపు చూశాడు. తాడ్వాయి దగ్గరి తండాలో పుట్టి, ఎన్నో సరిహద్దులు దాటినవాడు అతను. బతికున్న శత్రువులంటే భయం లేదు. ఇది వేరు.

మిగతాది చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. ఆ పని 'మిర్రర్' అనే విదేశీ ముఠాది. వాళ్ల ప్యాచ్ కంట్రోల్ రూమ్‌లో ఇప్పటికే లోడ్ అయింది. సిగ్నల్ అందగానే తెరమీది బొమ్మ ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మీటర్ల ముళ్లన్నీ పచ్చగీతలోనే కనిపిస్తుంటాయి. బయట లైన్లు మాడిపోతుంటాయి, ఆస్పత్రులు చీకటైపోతుంటాయి. దాన్ని పీకేయబోయినా, అభిలాష్ కంప్యూటర్ ఆగిపోయినా, ప్యాచ్ తనంతట తనే మేలుకుంటుంది. అభిలాష్ సంతకమున్న సవరణకు మాత్రమే తలవంచుతుంది.

"సిగ్నల్ ఈ సాయంత్రం. కామారెడ్డిలో మన డబుల్ ఏజెంట్ కలుస్తుంది. వెళ్లు."

మధ్యాహ్నానికి జైసింగ్ ఇంటర్నెట్ లైన్ మెకానిక్ వేషంలో, భుజాన సంచితో కామారెడ్డి బస్టాండ్‌లో నిలబడ్డాడు. ముసురులో కూడా నల్లద్దాలు పెట్టుకున్న ఒక మనిషి పక్కకు వచ్చింది. మెరూన్ షిఫాన్ చీర, ఖరీదైన సెంటు వాసన.

"ఎల్లారెడ్డి బస్సు వెళ్లిపోయిందా?"

"పోయింది. వాన మిగిలింది."

కోడ్ సరిపోయింది. చందన కారు తలుపు తీసింది. మిర్రర్ ముఠా ఆమెను తమ డిజైనర్ అనుకుంటోంది.

"సవరణ రాసి తెచ్చాను," అని లిప్‌స్టిక్ మూత తిప్పింది. లోపల పెన్‌డ్రైవ్. "దాన్ని అభిలాష్ ఇంట్లో ఉన్న కంప్యూటర్ నుంచే, అతని పాస్‌వర్డ్‌తోనే పంపాలి. మిర్రర్ ఆ పాస్‌వర్డ్ దొంగిలించింది, కానీ నాకు చెప్పలేదు."

"ఇంట్ల ఎవరున్నరు?"

"భార్య వినీత. ఆమె కంప్యూటర్ ఆపదు. ఎందుకో చూస్తే తెలుస్తుంది."

ఎల్లారెడ్డిలో వానకు తడిసిన ఒక పెంకుటిల్లు. తలుపు తీసిన మనిషికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పెదవిమీద వేలు పెట్టింది.

"మెల్లగ మాట్లాడుండ్రి. ఆయన పనిల ఉన్నడు."

జైసింగ్ కాళ్లు గడపలోనే ఆగిపోయాయి.

లోపలి గదిలో బల్లమీద కంప్యూటర్ వెలుగుతోంది. ముందు ఖాళీ కుర్చీ. కుర్చీ వీపుకు చొక్కా తగిలించి ఉంది. బల్ల అంచున చాయ్ ఆవిరి లేస్తోంది. తెరమీద కర్సర్ కదిలింది. ఒక విండో తెరుచుకుంది. ఎవరూ ముట్టని కీబోర్డు ముందు అక్షరాలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి, ఆగాయి, ఆలోచిస్తున్నట్టు.

ఇది ఎక్కడినుంచో ఎవడో ఆడిస్తున్న ఆట అని జైసింగ్‌కు తెలుసు. అయినా ఆ ఖాళీ కుర్చీ వైపు చూడలేకపోయాడు. సంచిలోంచి, అవతలివాడు ఎక్కడున్నాడో పట్టే ట్రేసర్ తీసి నెట్ వైరుకు తగిలించాడు.

"అది ముట్టద్దు, అన్నా!" వినీత అడ్డం వచ్చింది. "దినాలైనంక నాలుగో రోజు గిట్లనే కదిలింది. కరెంటు పోతదని ఇన్వర్టర్ పెట్టిచ్చిన. మీరు బంద్ చేస్తే ఆయన ఏడికి పోవాలె?"

చందన నల్లద్దాలు తీసేసింది. తెరమీద ఎర్రటి గీత ఒకటి మెల్లగా నిండడం మొదలైంది. సిగ్నల్ సిద్ధమవుతోంది.

ఆమెను పక్కకు తోసెయ్యడం జైసింగ్‌కు క్షణం పని. తోయలేదు.

"చెల్లె, ఒక్కసారి ఆయనను పలకరియ్యి. తెలుగుల."

"ఆయన పనిల ఉంటే నేను కీబోర్డు ముట్ట..."

"ఈ ఒక్కసారి."

వినీత కీబోర్డు ముందుకు వంగింది. ఒకప్పుడు లాంటర్న్‌లో తెలుగు రాస్తే వత్తు ఒకచోట, గుణింతం ఒకచోట పడేది. ఆమె చదవాలని అభిలాష్ ఆ అక్షరాలను నెలలు కూర్చుని సరిచేశాడు. ఆమె టైపు చేసింది: *తిన్నవా?* న కింద వత్తు ముద్దుగా ఒదిగి కూర్చుంది.

కర్సర్ టక్కున ఆగింది. గదిలో వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. తనకు కూడా జవాబు రావాలనే ఉందని ఆ క్షణాన జైసింగ్‌కు అర్థమైంది.

కర్సర్ ఆ మాట మీదికి వచ్చింది. చెత్త ఊడ్చినట్టు ఒక్కో అక్షరాన్ని తుడిచేసింది.

వినీత కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. కళ్లలో నీళ్లు కూడా రాలేదు.

"గీడు ఆయన కాదు," అంది. "ఆయన నా మాట తుడ్వడు."

"పాస్‌వర్డ్ ఎరుకేనా చెల్లె?"

"కొట్టేటప్పుడు పెదాల్ల అనుకుంటుండె. అటు తిరుగుండ్రి."

చందన పెన్‌డ్రైవ్ గుచ్చింది. అవతలి చెయ్యి పసిగట్టినట్టుంది, కర్సర్ పిచ్చిపట్టినట్టు పరుగెత్తి సవరణ విండో మూసేసింది. చందన మళ్లీ తెరిచింది. ఎర్రగీత చివరికి చేరుకుంటోంది. జైసింగ్ గోడవైపు తిరిగి, వెనక కీల చప్పుడు విన్నాడు. పాస్‌వర్డ్ పొడుగ్గానే ఉంది. అది ఏమిటో అతను ఎన్నడూ అడగలేదు.

ఎంటర్ పడింది. గీత చివర వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

ఫోన్ మోగింది. చీఫ్. "తెరలు బిగుసుకోలేదు. లైన్లు కాపాడుకున్నాం. నీ ట్రేసర్ చూపించింది ఏ పరాయి దేశమూ కాదు, కామారెడ్డి లాడ్జి గది. ఇద్దర్ని పట్టుకున్నారు. లారీ ఎవరు పంపారో వాళ్లే చెబుతున్నారు."

చందన చీరకొంగుతో ముఖం తుడుచుకుని గడపలో కూలబడింది. వినీత చొక్కా మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. స్విచ్ మీద చెయ్యి వేయబోతుంటే తెరమీద ఒక సందేశం వచ్చింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఏదో దేశంలో కూర్చుని లాంటర్న్ కోడ్ సరిచూసే ఒక వాలంటీర్, అభిలాష్ పేరుకు రాసింది.

"ఏమంటుండ్రన్నా?"

"సవరణ మంచిగుందట. కానీ ఏం మార్చినవో ఒక్క ముక్కన్న రాయవా అని కోప్పడుతున్నరు."

వినీత చేత్తో నోరు మూసుకుంది. వచ్చింది ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

"బతికున్నప్పుడు రాసిండా ఏంది, ఇప్పుడు రాయనీకి!" అని స్విచ్ ఆపేసింది.