తలపుపలక

"వానకి తల తడిస్తే ఆ తీగలకి కరెంటు కొట్టదా డాక్టరమ్మా?"

ఆస్పత్రిలో అడుగు పెడుతూనే కనకరత్నం అడిగింది. బయట మబ్బైనా లేదు. ఉన్నా భయం లేదు. 2074 నాటి విశాఖలో గొడుగు పట్టేవాళ్లే లేరు. వీధుల మీద గాలితెరలు వానను సముద్రంలోకి తోసేస్తాయి.

కూతురు హైమ చక్రాల కుర్చీలో ఉంది. రెండేళ్ల కిందట జ్వరం మెదడుకెక్కి గొంతూ ఒళ్లూ స్వాధీనం తప్పాయి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు.

డాక్టర్ ఫిరోజా ఆమె మెదడు మీద అమర్చింది తలపుపలక. గోరంత ఎలక్ట్రోడ్ల పలక అది. వెంట్రుక కన్నా సన్నని దాని సూదులు, మనిషి మాట్లాడబోయేముందు మెదడులో పుట్టే సిగ్నల్స్‌ని పట్టుకుంటాయి. కంప్యూటర్ వాటిని మాటలుగా మార్చి, హైమ పాత గొంతుతోనే స్పీకర్‌లో వినిపించాలి. నెల్లాళ్లుగా ఒక్క మాటా రాలేదు. ఇవాళ కూడా రాకపోతే పలక తీసేస్తారు.

"హైమా, దాహం వేస్తోందా?" ఫిరోజా అడిగింది.

"గోరువెచ్చగా పట్టేసినాను. చల్లనివి పడవు దానికి," అంది కనకరత్నం.

"ఈ గది నచ్చిందా?"

"ఏసీ ఎక్కువైపోనాది. జలుబు చేసేస్తాది."

తెర చూస్తున్న ఫిరోజా దిగ్గున లేచింది. గబగబా పాత రికార్డింగులు తిరగేసింది.

"ఇన్నాళ్లూ పూర్తయిన మాట కోసమే వెతికాం. ఈ గీత చూడండమ్మా. నేను అడగ్గానే లేస్తోంది. మాట పుడుతోందన్నమాట. మీ గొంతు వినగానే పడిపోతోంది. ప్రతిసారీ ఇంతే."

"అయితే పాడైంది ఏటి?"

"ఏదీ పాడవలేదు. మీరు సందివ్వడం లేదు."

"నాను ఊరుకుంటే దాని అవసరం ఎవులు చెప్తారు?"

"అదే చూద్దాం. ఏదో ఒకటి అడగండి. అడిగి ఊరుకోండి."

కనకరత్నానికి ఒక్కటే తోచింది. "వానకి తల తడిస్తే ఏటవుద్దే తల్లీ?"

తెర మీద గీత లేచింది. ఊగింది. నొప్పెడుతోందేమో అనబోయి, కనకరత్నం చీర చెంగు నోట్లో కుక్కుకుంది. గీత ఇంకా పైకెక్కింది. స్పీకర్ ఉలకలేదు, పలకలేదు. తల్లి కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి గానీ చెంగు మాత్రం తీయలేదు.

చాలాసేపటికి స్పీకర్ గరగరలాడింది.

"ఏటీ అవదులే అమ్మా. ముందు చల్లటి నీళ్లియ్యి."