కాపురచూపులు

గురువారం పదకొండు గంటలకు హైమవతి కొడుకు చనిపోయాడు. పదకొండుంబావుకి ఆమె కంటితొడుగు తీసి, మగపెళ్ళివారికి నమస్కారం పెట్టి, కాఫీ తాగాలి. అవేవీ ఆమె వల్ల కాలేదు. కుర్చీలోనే ముడుచుకుపోయి, ఖాళీ ఒడిని రెండు చేతులతో తడుముకుంటూ "బుజ్జులూ, బుజ్జులూ" అని ఏడ్చింది.

"పదమూడో రోజుకి కూడా పొయ్యి దగ్గరికి రాలేదండీ" అంది పెళ్ళికొడుకు తల్లి త్రివేణమ్మ. అంతసేపూ గోడ మీది తెర చూస్తూ తింటున్న పెసరట్టు పళ్ళెం పక్కన పెట్టింది. "మొగుడు టిఫిను లేకుండా ఆఫీసుకెళ్ళాడు. కళ్ళారా చూశాం కదా. ఈ సంబంధం మాకొద్దు."

కాకినాడలో ఆ రోజుల్లో కాపురచూపులు లేకుండా పెళ్ళి కుదిరేది కాదు. పిల్లని నడిపించి, పాట పాడించి నిర్ణయించుకోవడం మొరటు పద్ధతి అని జనం ఎప్పుడో తేల్చేశారు. ఎంత నాగరికులయ్యారో! ఇప్పుడు మగపెళ్ళివారు లోకరచని అనే పనిముట్టుతో ఒక ఇల్లు కట్టిస్తారు. పిల్ల తొడుగు పెట్టుకుని అందులోకి వెళ్ళి, ఒక్క పూటలో ఆరేళ్ళు కాపురం చేసి వస్తుంది. ఇదంతా పరీక్ష అన్న సంగతి లోపల గుర్తు రాకుండా మరుపుతెర అడ్డు నిలుస్తుంది. బయటికి వచ్చాక మాత్రం ఆరేళ్ళూ గుర్తుంటాయి. పెళ్ళికొడుకు కూర్చోనక్కరలేదు, అతని బొమ్మ చాలు. పాపం, అతనికి ఆఫీసుంటుంది.

ఆ ఇళ్ళు కట్టేవాడి పేరు విరించి. పేరుకు తగ్గ పనే. గోడలు, వంటగది, మొగుడి కోపం, ఆడపడుచు నోరు, అన్నీ లోకరచని అరల్లో సిద్ధంగా ఉంటాయి. తీసి అమర్చుకుని, మోతాదు తిప్పుకోవడమే. కష్టాలకి వేరే అర ఉంది. త్రివేణమ్మ చీరల కొట్లో కూర్చున్నట్టు కూర్చుని వాటన్నిటినీ తిరగేయించింది. "ఉత్త జ్వరం ఏం సరిపోద్దండీ? జ్వరంలోనే పిల్లాణ్ణి తీసెయ్యండి. గుండె గట్టిదో కాదో తెలుస్తుంది" అంది. విరించి సరేనన్నాడు. పరీక్ష అయ్యాక, చట్టం చెప్పినట్టే, ఆ ఇంటిని చెరిపేశాడు.

నాలుగో రోజు హైమవతి ఒక్కతే విరించి దగ్గరికి వచ్చింది. బడిలో లెక్కలు చెప్పే మనిషి. ఎప్పుడూ నలగని చీర కట్టే ఆమె, ఆ రోజు తలైనా దువ్వుకోలేదు.

"నా కొడుకు ఎక్కడున్నాడండీ?"

"వాడు బొమ్మమ్మా" అన్నాడు విరించి, ఎంత మెత్తగా అనగలడో అంత మెత్తగా.

"బొమ్మకి నిద్రలో చెమట పడుతుందా? కుడి చెవి వెనకాల మాత్రమే పడుతుందా?"

"అది నేనే పెట్టానండి" అనేశాడు విరించి. గొంతులో గొప్ప దాగలేదు. "వాడొక్కణ్ణి తయారు చెయ్యడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అందుకే ఏ ఇల్లు కట్టినా వాణ్ణే పెడతాను. అందరికీ తెగ నచ్చుతాడు."

"జ్వరం ఎవరు పెట్టారు?"

"వాళ్ళడిగారండి."

"పెట్టిందెవరు?"

పక్కగదిలో ఆ పూట వేరే పిల్లకి పరీక్ష జరుగుతోంది. కళ్ళతో చూస్తే ఈమెకి భ్రమ విడిపోతుందనుకున్నాడు విరించి. ఎంత తెలివైనవాడో చూడండి! లోపలికి తీసుకెళ్ళి తెర చూపించాడు.

తెర మీద ఎవరో అమ్మాయి "చంటీ!" అని పిలిచింది. బుజ్జులు చటుక్కున తిరిగి, కళ్ళు చికిలించి నవ్వాడు. "అమ్మా" అంటూ ఆ అమ్మాయి మెడ పట్టుకుని వేలాడాడు.

హైమవతి గోడకి చేరబడిపోయింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"పప్పు చల్లార్చకుండా పెట్టేస్తోందండీ ఆవిడ. వాడి నోరు కాలుతుంది. కాస్త చెప్పండి."

"లోపలికి వినబడదమ్మా."

"వీడికీ జ్వరం రాశారా?"

విరించి చేతిలోని పలక తిరగేశాడు. "రాశారండి. రెండు గంటలకి."

"తీసెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. మీ చేతిలో పనేగా!"

"నేను తీసేస్తే వాళ్ళు ఇంకొకడి దగ్గరికెళ్ళి పెట్టించుకుంటారమ్మా."

ఆమె బతిమాలడం ఆపేసింది. పిల్లాడు అన్నం తినడం అయ్యేదాకా నిలబడి చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"నన్ను మళ్ళీ చూపులకి కూర్చోబెట్టండి."

"ఎవరితోనండీ?"

"ఎవరైతేనేం? వాడుండే ఇల్లైతే చాలు."

విరించి కంగారుపడ్డాడు. "లోపల మీకిదేమీ గుర్తుండదమ్మా. వాడు బుజ్జులని మీకు తెలీదు, జ్వరం వస్తుందనీ తెలీదు. బయటికొచ్చాక మాత్రం రెండు చావులు మీద పడతాయి. వద్దు, నా మాట వినండి."

"ఆ మధ్యలో నాలుగేళ్ళు నా దగ్గరుంటాడు కదా" అంది హైమవతి. "ఈ జన్మకి అది చాలు."

ఆ వారంలో ఒకే సంబంధం ఉంది. పెళ్ళికొడుక్కి నలభై తొమ్మిదేళ్ళు, రెండో పెళ్ళి. లోపల అతని తల్లి బొమ్మ నోటికి భయపడి అంతకుముందు ఇద్దరు ఆడపిల్లలు కేకలు వేస్తే, పరీక్ష మధ్యలోనే తొడుగు తీసెయ్యాల్సి వచ్చింది. విరించి ఇవన్నీ ఏకరువు పెట్టాడు.

"పిల్లాణ్ణి ఎన్నాళ్ళుంచమన్నారు?" అని మాత్రం అడిగింది ఆమె.

"వాడికి మూడో ఏడు వచ్చేదాకానే."

"సరే. నా పేరు రాసుకోండి."

శుక్రవారం మగపెళ్ళివారు దిగేసరికి ఆమె తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, ఆ కుర్చీలో సిద్ధంగా కూర్చుని ఉంది. విరించి కంటితొడుగు తేగానే తల ముందుకు వంచింది.

అది చూసి పెళ్ళికొడుకు తల్లి మురిసిపోయింది. "చూశార్రా? మన సంబంధమంటే పిల్లకి ఎంత ఆత్రమో!" అంది.