తొమ్మిదో గొంతు

"ఈ పిచ్చి పాట నేను పాడనంటే పాడను!" హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేసింది గాయని.

"దేశం గెలవాలంటే పాడాలి మరి," నవ్వాపుకుంటూ అన్నాడు సౌండ్ ఇంజనీరు.

"నేను బంతిని బతిమాలితే దేశం గెలుస్తుందా?"

"గెలవకపోతే తప్పు బంతిది. మీరు మాత్రం పాడండి."

జాతీయ ఫుట్‌బాల్ జట్టు కోసం ఏటా ఇలాంటి అల్లరి పాటొకటి ఆ చిన్న స్టూడియోలో తయారవుతుంది. కోరస్‌కి నిజంగా జనం రారు. వీళ్ళిద్దరే గదిలో నాలుగు మూలలా నిలబడి, మూలకొకసారి అరుస్తారు. ఎనిమిది గొంతులు కలిపితే స్టేడియం అయిపోతుంది.

ఇదివరకు మూడో మనిషి కూడా ఉండేవాడు, ఆమె నాన్న. పెద్దాయనకి ఫుట్‌బాల్ పిచ్చి, తాళం మాత్రం బొత్తిగా రాదు. ఎప్పుడూ అందరికంటే ముందే అందుకునేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది.

ఇక ఇంజనీరు సంగతి. మూడేళ్ళుగా ఆమెను ప్రేమిస్తున్నాడు మహానుభావుడు. ఊళ్ళో కబుర్లన్నీ చెబుతాడు గానీ, ఆ ఒక్క మాట దగ్గర నీళ్ళు నములుతాడు. రేపు పొద్దున్నే ఆమె ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోతోంది. చెప్పడానికి ఈ మధ్యాహ్నమే మిగిలింది.

బయట వాన కురుస్తుంటే, ఇద్దరూ మూలమూలకీ తిరిగి గొంతు చించుకున్నారు.

"బంతీ బంతీ ఎక్కడికే?"

"అవతలోళ్ళ నెట్లోకే!"

ఎనిమిదీ కలిపి వినిపించాడు. ఇద్దరి నవ్వూ ఒక్కసారే ఆగిపోయింది. జవాబు వీళ్ళకంటే ముందే ఎవరో అందుకున్నారు. బొంగురు గొంతు.

"పాత ఫైలేమైనా కలిసిందా?" అందామె.

ఒక్కో ట్రాకూ విడిగా వినిపించాడు. ఎనిమిదింటిలో ఏ దాంట్లోనూ ఆ గొంతు లేదు. కలిపితే ఉంది. అతనికి ముచ్చెమటలు పోశాయి.

"నాన్నే," అంది సన్నగా. "చెరిపెయ్యకండీ, ప్లీజ్."

"చెరపడానికి ఎక్కడుందండీ?"

"ఇంకొక్కసారి పెట్టండి."

పెట్టాడు. "బంతీ బంతీ ఎక్కడికే?" అన్న తర్వాత ఈసారి ఎనిమిది గొంతులూ పలకలేదు. ఒక్కటే పలికింది, చెవి పక్కన నిలబడి మాట్లాడినట్టు.

"అమ్మాయి వెళ్ళిపోతోందిరా అబ్బాయ్. నోరు తెరిచి అడుగు."

అతని పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె మెల్లగా అతని వైపు తిరిగింది.

"ఏం అడగమంటున్నాడు నాన్న?"

ఇప్పుడు అడగకపోతే అతను జన్మలో అడగలేడు.

"మీరంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"ఈ ముక్క అడగడానికి మా నాన్న పైనుంచి దిగి రావాలా, మొద్దూ! చేసుకుంటాను. ఉద్యోగానికి వెళ్తాను, వెనకే నువ్వూ రా."

స్పీకర్లలోంచి చప్పట్లు మొదలయ్యాయి. ఒక్క మనిషివి.

ఆమె గబుక్కున అతని చొక్కా పట్టుకుంది. "ఆపు, నాకు భయంగా ఉంది."

అతను స్విచ్ ఆపేశాడు. స్పీకర్ల ఎర్ర లైటు ఆరిపోయింది. ఖాళీ మూలలోంచి పెద్దాయన చప్పట్లు మాత్రం ఇంకాసేపు వినిపిస్తూనే ఉన్నాయి.