ఉమ్మడి చిత్రం

బస్సు జగన్నాథపురం వంతెన ఎక్కేసరికి పాట మొదలైంది. మగ్గం చప్పుడుతో మొదలయ్యే పాట అది. నాడె అటూ ఇటూ పరుగెత్తే టకటక, దాని మీద నెమ్మదిగా లేచే ఒక ముసలి గొంతు. బస్సులో ఉన్న నలభైమందీ మాటలు ఆపేశారు. చెవుల వెనక అతికించుకున్న భావరేకులు సన్నగా వెచ్చబడ్డాయి.

సత్యవేణి కళ్ల ముందు వాళ్ల నాయనమ్మ ప్రత్యక్షమైంది. ద్రాక్షారంలో ఇంటి వసారా, నాయనమ్మ ఒళ్లో పరిచిన తుండుగుడ్డ, అందులో రాలుతున్న చింతపిక్కలు. గుడ్డ అంచున పసుపు మరక కూడా తెలుస్తోంది. పక్క సీటులో నర్సు ఒకావిడ పైటకొంగుతో కళ్లొత్తుకుంటోంది. ముందు సీటు పెద్దాయన తనలో తాను నవ్వుకుంటున్నాడు. వాళ్లకు ఏం కనిపిస్తోందో సత్యవేణికి తెలియదు. అలా అడగడం మర్యాద కూడా కాదు.

ఒకే పాట, నలభై లోకాలు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నా ఆమెకు ఇది ఎప్పుడూ వింతగానే ఉండేది. మనిషి మనసులో ఇంత దాచిపెట్టిన దేవుడు గొప్పవాడా, దాన్ని ఇలా కళ్ల ముందుకు తెచ్చే రేకు గొప్పదా అని అనుకునేది.

భావరేకు వచ్చి నలభై ఏళ్లు దాటింది. గోరంత వెడల్పు, ఉల్లిపొరంత మందం. పాటలోని భావాన్ని పట్టుకుని, వినేవాళ్ల జ్ఞాపకాల్లోంచే దానికి బొమ్మ కట్టి చూపిస్తుంది. జ్ఞాపకంలో ఎక్కడైనా వెలితి ఉంటే, అతుకు తెలియకుండా తానే పూడుస్తుంది. ఆ బొమ్మను లోబొమ్మ అంటారు. ఒకరి లోబొమ్మ ఇంకొకరు చూడలేరు. రేకు వచ్చాక సినిమా హాళ్లు కల్యాణ మండపాలయ్యాయి. ఫొటోలు తీసుకోవడం జనం మానేశారు. మనసులో ఉన్నవాళ్లు మనసులోంచే కనిపిస్తుంటే ఇంకా ఫొటోలెందుకని అనుకున్నారు.

సత్యవేణి చదివే దృశ్య కళాశాలలో మాత్రం ఒక పాత పాఠం మిగిలింది. దాని పేరు ఉమ్మడి చిత్రం. కెమెరాతో తీసి తెర మీద వేస్తే, అందరూ కలిసి ఒకే బొమ్మ చూడడం. ఈ ఏడు దాన్ని తీసుకున్నది ముగ్గురే: సత్యవేణి, నూకరాజు, షరీఫ్. చివరి పరీక్షకు ఒక పాటకు చిత్రం తియ్యాలి. ఏ సంస్థ అండా లేకుండా సొంతంగా పాటలు కట్టుకుని పాడుకునే వీరభద్రం మాస్టారిని అడిగితే, బస్సులో వినిపిస్తున్న ఈ పాటే ఇచ్చారు. "ముందు ఎలా తీస్తారో రాసుకుని రండి, చూద్దాం" అన్నారు.

రాసిన కాగితం సత్యవేణి సంచిలో ఉంది. పన్నెండు దృశ్యాలు. పది నిమిషాల్లో ముగ్గురూ ఒక్క మాట మీద రాసేశారు. అంత తొందరగా తేలినందుకు నిన్నంతా ముగ్గురికీ గర్వంగానే ఉంది.

వీరభద్రం అరవై దాటిన మనిషి. ముగ్గురూ ఇంటికి చేరగానే వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కాగితం దూరంగా పట్టుకుని పైకి చదివారు.

"ఒకటి, తలుపు. రెండు, మగ్గం. మూడు, మగ్గం మీద అక్క. నాలుగు, అక్క చెయ్యి. అయిదు, సముద్రం." చదవడం ఆపి తలెత్తారు. "ఈ తలుపుది ఏ రంగు?"

"నీలమండి," అన్నాడు నూకరాజు.

"ఆకుపచ్చండి," అన్నాడు షరీఫ్, అదే క్షణంలో.

చెక్క రంగని చెప్పబోయిన సత్యవేణి నోరు మూసుకుంది.

"నీలమేంట్రా? ఆకుపచ్చ తలుపు, మధ్యలో గొలుసు. నిన్న ఒప్పుకున్నావు కదా," అన్నాడు షరీఫ్.

"నేను ఒప్పుకున్నది తలుపురా. మీ ఇంటి తలుపని చెప్పావా నువ్వు?"

"సరే, తలుపు పోనివ్వండి," అన్నారు వీరభద్రం. "మూడోది చెప్పండి. అక్క ఎలా ఉంటుంది?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షరీఫ్ రాసింది వాళ్ల పెద్దక్కను, పెద్ద ఆపాను. నూకరాజుకు అక్కల్లేరు, మేనత్త కూతుర్ని అనుకున్నాడు. సత్యవేణి అనుకున్నది నాయనమ్మను. పేరు వింటే చాలు, బొమ్మ దానంతటది వచ్చే లోకంలో పెరిగినవాళ్లు. పేరు రాస్తే బొమ్మ గీసినట్టే అనుకున్నారు. రేకు పెట్టుకుని పెరిగిన పిల్లలు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది.

వీరభద్రం కోప్పడలేదు. కాగితం మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఈ పాట చాలామంది విన్నారమ్మా. రోడ్డు మీద ఆపి మరీ చెబుతారు. మాస్టారూ, మీ పాటలో మా అమ్మ కనపడిందండీ అంటారు. మొన్నొకాయనకి వాళ్ల చచ్చిపోయిన కుక్క కనపడిందంట. వలవలా ఏడ్చాడు పాపం. సంతోషమే. కానీ నేను ఆ పాట కట్టింది మా అక్క మీద. లోవలక్ష్మి దాని పేరు. మా అక్కని ఇప్పటిదాకా ఒక్కళ్లూ చూళ్లేదు."

తల్లీతండ్రీ పోయాక తనను పెంచింది ఆ అక్కేనని చెప్పారు. ఉప్పాడలో జాందానీ చీరలు నేసేవాళ్లు. ఆ నేతకు ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. అక్క పక్కన తాను పదకొండో ఏట కూర్చున్నారు. అక్క తన ఇరవై నాలుగో ఏట జ్వరంతో పోయింది. ఆ మరుసటి ఏడు సముద్రం ఊళ్లోకి వచ్చి ఇంటిని తీసుకుపోయింది. అక్క ఫొటోలు నాలుగున్న ఫోను ఆ ఇంటితోనే పోయింది.

"రేకు ఉంది కదా అని అప్పుడు బెంగపడలేదు. రోజూ చూస్తాను దాన్ని. కానీ నేను పోయిన రోజున ఆ మొహం కూడా నాతోటే పోద్ది. ఈలోగా ఒక్కసారి, నేను చూసేదాన్ని పక్కవాళ్లు కూడా చూడాలి. అందుకిచ్చాను మీకు పాట. తలుపులు చూపించడానిక్కాదు."

ఆ సాయంత్రం సత్యవేణి తల్లితో కలిసి అమ్మవారి గుడికి వెళ్లింది. గుమ్మంలో ఇత్తడి పళ్లెం ఉంటుంది. రేకులు తీసి అందులో పెట్టి లోపలికి వెళ్లాలి. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే అయినా ఆ రోజు ఎందుకో అడగాలనిపించింది.

"ఎందుకమ్మా తియ్యడం?"

"మొదట్లో దీనికి పెద్ద గొడవే అయిందిలే," అంది తల్లి. "ఎవరి అమ్మవారు వాళ్లకి కనపడితే తప్పేంటని కుర్రాళ్లంతా ఒకటే వాదన. మీ తాతగారు మాత్రం ఒప్పుకోలేదు. అమ్మవారి ముక్కుపుడక తెలుపో ఎరుపో పూజారికీ నాకూ ఒకటే తెలియాలి, లేకపోతే చెరో గుళ్లో ఉన్నట్టే అన్నారు. ఆయన ముక్కు మీద కోపం నీకు తెలీదు కదా. అంతే, పళ్లెం పెట్టేశారు."

హారతి వెలిగింది. ముక్కుపుడకలో ఎర్రరాయి మెరిసింది. సత్యవేణి పక్కకు తిరిగి చూసింది. గుళ్లో ఉన్నవాళ్లందరి కళ్లూ అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్లూ చేతులు జోడించిందే గాని, ఇది ఎంత అరుదైన సంగతో ఆమెకు తట్టలేదు.

మర్నాడు ముగ్గురూ రేకులు తీసి వీరభద్రం ఇంట్లో ఒక పళ్లెంలో పెట్టారు. ఆయన కాసేపు తటపటాయించి తనదీ తీశారు. నూకరాజు తండ్రి పడవలకు రంగులేసే మనిషి, బొమ్మ గియ్యడం వాడికి చేతిలోనే ఉంది. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు.

"అక్క ఎలా ఉంటుందండీ?"

"బాగుంటుంది."

"బాగుంటుందంటే?"

"అక్కలా ఉంటుందయ్యా." ఆయన మొహం చిన్నబోయింది. కావాలని దాచడం లేదు. ఒక మనిషి ఎలా ఉంటుందో ఇంకొకరికి చెప్పాల్సిన అవసరం నలభై ఏళ్లుగా ఎవరికీ రాలేదు. మాటలు తుప్పు పట్టాయి.

దారి దొరికింది షరీఫ్‌కు. "మా ఆపాది గుండ్రటి మొహమండి, పూరీలా ఉంటుంది. ఈ మాట ఆపాకి చెప్పకండి. మీ అక్కది అంత గుండ్రమా?"

"అబ్బే, అంత కాదు."

"మా నాయనమ్మది కోల మొహమండి," అంది సత్యవేణి.

"అంత కోలా కాదు. రెంటికీ మధ్య."

అలా తమ తమ మనుషులను ఒక్కొక్కరినే అరువిచ్చారు. మేనత్త కూతురి కనుబొమలు, ఆపా జడ, నాయనమ్మ మెడ వంపు. ఇది కాదు, దీనికంటే కొంచెం తక్కువ, దానికంటే కొంచెం ఎక్కువ. నూకరాజు గీసి చెరిపి గీసేవాడు. కాగితం చిరిగితే కొత్తది తీసేవాడు. తొమ్మిదో రోజుకు ఒక బొమ్మ నిలబడింది. మగ్గం మీద ఒక అమ్మాయి. పోగు కొస పళ్ల మధ్య పట్టుకుని, తల కొంచెం వంచి, ఎవరో పిలిస్తే పలకబోతున్నట్టు ఉంది.

సత్యవేణి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "కమ్మలు ఇంకొంచెం కిందకి," అంది.

"కిందకే," అన్నాడు షరీఫ్. "అవునవును, కిందకి," అన్నారు వీరభద్రం.

అందరూ ఒక్కసారి ఆగిపోయారు. ఎప్పుడూ చూడని మనిషి చెవికమ్మ ఎక్కడ వేలాడాలో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. రేకు లేదు, తెర లేదు. నలుగురి మధ్య చాప మీద ఉన్న కాగితంలోకి ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఉంది. తెలియకుండానే సత్యవేణి చేతులు జోడించబోయి, నవ్వుకుని దించుకుంది.

మగ్గం కోసం కొత్తపల్లి అవతలి నేతవాళ్ల కాలనీకి వెళ్లారు. సముద్రం తరిమేసిన ఉప్పాడ కుటుంబాలు కొన్ని అక్కడే ఉన్నాయి. పాత గుంట మగ్గం ఒకటి పాకలో ఇంకా ఆడుతోంది. నూకరాజు మిగతా దృశ్యాలకూ అలాగే బొమ్మలు గీసి, ఏ బొమ్మ తరువాత ఏది తియ్యాలో చూసుకోవడానికి పన్నెండు కాగితాలనూ దారానికి వరసగా గుచ్చి కట్టాడు.

ఎనభై దాటిన అప్పాయమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. రేకు చెవి మీద గుచ్చుకుంటోందని ఒకసారి పెట్టి తీసేసిన మనిషి. మూడో కాగితం దగ్గర ఆగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఒరే భద్రం, ఇది మన లోవ కాదూ?"

వీరభద్రం తల ఊపారు. ఆయన కళ్లు నీళ్లతో నిండాయి. తాను తప్ప ఇంకొక మనిషి అక్కను చూసింది.

అప్పాయమ్మ నాలుగో కాగితానికి జరిగింది. అది చెయ్యి బొమ్మ. "ఇదెవత్తి చెయ్యి?"

"అక్కదే పిన్నీ."

"దానిదెలా అవుద్దిరా? దానిది పుర్రచెయ్యి కదా. ముద్ద కూడా ఎడం చేత్తో తినబోతే మీ అమ్మ వాతలు పెట్టేది. కుడిచేత్తో నేసిందంటే నేనొప్పుకోను."

"నేను రోజూ చూస్తాను పిన్నీ. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. కుడిచెయ్యే."

"నువ్వు చూసేది రేకులో. నేను పక్క మగ్గం మీంచి చూశాను."

పాకలో నాడె చప్పుడు ఆగింది, నేస్తున్నవాళ్లు లేచి ఇటు వచ్చారు. షరీఫ్ సత్యవేణి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "వెలితి ఉంటే రేకే పూడుస్తుంది కదా వేణీ. ఎక్కువమంది కుడిచేతివాళ్లే కాబట్టి..." మిగతాది అనలేదు. అనక్కర్లేకపోయింది. చూసిన ప్రతిసారీ రేకు కలిపిన ఒక చుక్క, ఒక గీత. ఎన్ని వేల రోజులు!

వీరభద్రం కూడా విన్నారు. "పిన్నీ," అన్నారు, మూడో కాగితం చూపిస్తూ మళ్లీ, "పిన్నీ. మొహం? మొహమన్నా దానిదేనా?"

అప్పాయమ్మ తొందరపడలేదు. మూడో కాగితం దగ్గరకు తిరిగొచ్చి, గుళ్లో నిలబడినట్టు నిలబడి చూసింది.

"కళ్లు దానివే. నుదురూ, ఆ కమ్మలూ దానివే. గడ్డం మాత్రం మీ అమ్మది పెట్టేశావు."

వీరభద్రం మగ్గం పలక మీద కూలబడ్డారు. కాళ్లు గుంటలోకి దించారు. నలభై ఏళ్ల పైన మగ్గం ఎక్కని మనిషి. కూర్చున్నాక, ఎవరూ చెప్పకుండానే, కుడివైపుకు జరిగారు. ఎడంపక్క ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలి, తన ఎడం భుజాన్ని కాస్త వెనక్కి లాక్కున్నారు.

"అదిగో," అంది అప్పాయమ్మ. "దాని ఎడం మోచెయ్యి తగులుద్దని నిన్నెప్పుడూ కుడిపక్కనే కూర్చోబెట్టేది. నీ ఒళ్లు మరిచిపోలేదు చూశావా."

ఆయన వదిలిన ఆ చోటును పాకలో ఉన్నవాళ్లంతా చూశారు. భావరేకు చేసినవాళ్లు తెలివైనవాళ్లే. మనిషికి ఏ వెలితీ ఉండకూడదని ఎంతో ఆలోచించి చేసి ఉంటారు. పోయినవాళ్ల గురించి మాట్లాడుకునేటప్పుడు, నువ్వు చెప్పేది తప్పు అని పోట్లాడే మనిషి ఒకరు ఎదురుగా ఉండాలని మాత్రం వాళ్లకు తోచి ఉండదు అనుకుంది సత్యవేణి.

వీరభద్రం చేత్తో మొహం తుడుచుకున్నారు. "గడ్డం ఎలా ఉండేదో చెప్పు పిన్నీ."

"చిన్నది. కింద సొట్ట."

"సొట్ట కాదు," అన్నారాయన చటుక్కున. "మచ్చ. నేను తోస్తే రుబ్బురోలు మీద పడింది."

"నీకప్పుడు రెండేళ్లురా, నీకేం తెలుసు? పుట్టు సొట్ట అది. పుట్టగానే నేనే నీళ్లు పోశాను దానికి."

"మచ్చ పిన్నీ. అక్కే నాకు చెప్పింది. నేను ఏడిపించినప్పుడల్లా చూపించేది, ఇది నీ బహుమానంరా అని."

"నిన్ను బెదిరించడానికి అని ఉంటుంది. నువ్వు నమ్మేశావు. చిన్నప్పటి నుంచీ వెర్రిబాగులోడివే."

వీరభద్రం నవ్వారు. అరవై దాటిన ఆ మొహంలో పదకొండేళ్ల పిల్లాడి పంతం వచ్చింది. నూకరాజు చెరిపే రబ్బరు ఒక చేత్తో, పెన్సిలు ఒక చేత్తో పట్టుకుని కాగితం దగ్గర నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"సొట్ట గియ్యమంటారా, మచ్చ గియ్యమంటారా అండీ?"

"నువ్వుండవయ్యా," అన్నారు ఇద్దరూ.