బ్రేకు బిగించిన రంపం

2004 వేసవిలో ఒక పొద్దున, పుంగనూరు దగ్గరి పల్లెలో రత్నమ్మ పాలు పితుకుతుండగా కొట్టం వెనక నుంచి ఇంజిన్ మోత వినిపించింది. రెండుసార్లు దగ్గి ఆగింది. మూడోసారి గట్టిగా అందుకుంది. ఆమె చెంబు కింద పెట్టి అటు నడిచింది. ఎనిమిదేళ్లుగా ఆమె వినని మోత అది.

ఆమె భర్త సిద్దప్ప ఒకప్పుడు కుప్పం వైపు కలప కాంట్రాక్టరు దగ్గర పెట్రోలు రంపంతో చెట్లు కోసేవాడు. ఒకరోజు రంపం మొన మొద్దుకు తగిలి వెనక్కి తన్నింది. ఎడమ భుజం ఎముకదాకా తెగింది. చెడిపోయిన ఆ రంపాన్ని కాంట్రాక్టరు అతనికే ఇచ్చేశాడు. రత్నమ్మ దాన్ని గోనెసంచిలో చుట్టి అటకెక్కించి, మళ్లీ ముట్టుకోనని అతనిచేత ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడది బల్లకు బిగించి ఉంది. పక్కన మదనపల్లె పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే కూతురు అంబిక, మోచేతులదాకా గ్రీజుతో.

"ఇన్నావా నాయనా, ఎంత నున్నగా తిరగతాండాదో" అంటోంది. సిద్దప్ప మొహం వెలిగిపోతోంది. తల్లిని చూడగానే అంబిక ఇంజిన్ ఆపేసింది.

"యాల దించినారు దాన్ని?" రత్నమ్మ గొంతు తగ్గించే అడిగింది.

"తోటలో ఎండిన మామిడిచెట్లు కోసుకునేదానికే. కూలికి పోను" అన్నాడు సిద్దప్ప.

"ఒట్టు పెట్టినావు గదప్పా. ఆస్పత్రిలో ఇరవై దినాలు నీ తలకాడ కూర్చున్నది నేను. ఈసారి మెడ తెగితే?"

సిద్దప్ప చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది.

"నాయన అడగలేదమ్మా, నేనే దించినా" అంది అంబిక. "ఆ దినం ఎట్లా జరిగిందో చెప్పించుకున్నా. ఈ పాత రంపానికి బ్రేకు లేదు. తన్నితే ఆపేదే లేదు. అందుకే మదనపల్లె పాత ఇనుప సామాన్ల అంగట్లో ఇదే రకంలో కొత్త మోడలు దాన్ని వెతికి, దాని బ్రేకు పీకి దీనికి బిగించినా. రెండు నెలలు కాలేజీ వర్కుషాపులోనే దీంతో కుస్తీ పట్టినా. నాలుగుసార్లు కుదర్లా. ఆకురాయితో అరగదీసి అరగదీసి, అయిదోసారి కూర్చోబెట్టినా. దా, నువ్వే సూడు."

ఆమె తాడు లాగింది. రంపం అందుకుంది. పళ్ల గొలుసు కంటికి ఆనకుండా తిరుగుతోంది. అంబిక తల్లిని వెనకవైపు నిలబెట్టి, పిడికి ముందున్న అడ్డాన్ని చూపించింది. "దీన్ని ముందుకు తొయ్యి. చెయ్యి జారినా, రంపం ఎగిరినా మణికట్టు తగిలేది దీనికే."

రత్నమ్మ కళ్లు మూసుకుని తోసింది.

టక్కుమంది. కళ్లు తెరిచేసరికి గొలుసు కదలకుండా నిలబడి ఉంది. ఇంజిన్ మాత్రం మోగుతూనే ఉంది. ఆమె నమ్మలేదు. అడ్డాన్ని వెనక్కి లాగించి మళ్లీ తోసింది. మళ్లీ ఆగింది. మూడోసారి తోసి, అక్కడే బల్ల పట్టుకుని ఏడ్చేసింది. తను ఎనిమిదేళ్లు అటకమీద దాచిపెట్టిన భయాన్ని, కూతురు రెండు నెలలు కూర్చుని విప్పి బాగుచేసిందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"వద్దంటే ఇప్పుడే పైన పెట్టేస్తా" అన్నాడు సిద్దప్ప, ఆమె దగ్గరికొచ్చి.

రత్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పెట్టద్దు. దాన్ని ఎట్లా పట్టుకోవాల్నో నాకూ నేర్పించు" అంది.